కొరుకుడు పడని పుస్తకం మనది కాదా?



పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. మెస్ లైన్లో నిలబడి సగం, మంచం ఎక్కినంక సగం చదివినా సరే, చివరి దాకా చదవండి. మా హాస్టల్లో ఒక పుస్తకం మీద నెల రోజులుగా లొల్లి నడుస్తోంది. ఆ లొల్లి మా పదకొండు మందికే పరిమితం కాదనిపించి ఇక్కడ పెడుతున్నాం.

మేము హనుమకొండలో ఉండి చదువుకుంటున్న పిల్లలం. కోయ, గోండు, లంబాడా, నాయకపోడు, అందరం ఉన్నాం. మాలో చాలామంది ఇళ్లలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనుషులం మేమే. ఆదివారం సాయంత్రం మేడ మీద కూర్చుని ఏదో ఒక పుస్తకం గురించి మాట్లాడుకోవడం పోయిన ఏడాది నుంచి అలవాటు చేసుకున్నాం. గర్ల్స్ హాస్టల్ నుంచి ముగ్గురు అక్కచెల్లెళ్లు ఉన్నారు కాబట్టి, వాళ్లు వచ్చిన రోజు కాలేజీ గ్రౌండ్ లో కూర్చుంటాం. ఈసారి తీసుకున్న పుస్తకం నవీన్ గారి 'అంపశయ్య'.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. నవీన్ అసలు పేరు దొంగరి మల్లయ్య. ఊరు పాత వరంగల్ జిల్లా వావిలాల. 'కాలరేఖలు' నవలకు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కానీ అందరూ ఆయన్ని 'అంపశయ్య నవీన్' అనే పిలుస్తారు. 1969లో వచ్చిన ఈ నవల ఆయనకు ఇంటిపేరయిపోయింది. కథ ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో నడుస్తది. రవి అనే పేద విద్యార్థి ఒక్క రోజు, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా. ఆ రోజు బయట ఏం జరిగిందన్న దానికంటే అతని తలలో ఏం జరిగిందన్నదే పుస్తకం. దీన్ని చైతన్య స్రవంతి అంటారు. ఒక ఆలోచన పూర్తి కాకముందే ఇంకోటి, దానిలోంచి చిన్నప్పటి సంగతి, అందులోంచి భయం, మళ్లీ ఎదురుగా ఉన్న మనిషి.

పేరు దగ్గరే మాకు మొదటి దెబ్బ తగిలింది. అంపశయ్య అంటే భీష్ముడు పడుకున్న బాణాల పాన్పు. అంప అంటే బాణం అని తెలుసుకోవడానికే మాకు ఒక పూట పట్టింది. తాతల కాలం నుంచి బాణాలు చేసిన ఇళ్ల పిల్లలం మేము!

రెండు కాపీలు, పదకొండు మంది, ఆరు వారాలు. నలుగురం పూర్తి చేశాం. ముగ్గురు సగం దాకా వచ్చి ఆగారు. నలుగురు ముప్పై పేజీలు కూడా దాటకుండా పక్కన పెట్టారు. ఇక ఆదివారం కూర్చుంటే ఒక్కొక్కరిది ఒక్కో మాట.

ఒకడన్నాడు: "ఏమీ జరగదురా ఇందులో. ఒకే పేజీ మూడుసార్లు చదివిన. ఎవడు మాట్లాడుతుండో, ఎవడు అనుకుంటుండో తెలుస్తలే."

ఇంకొకడు రెండు రాత్రుల్లో పూర్తి చేశాడు. ఇతను ఫస్టియర్, ములుగు వైపు గూడెం. "ఇది నా ముచ్చటే" అన్నాడు. ఎందుకు అని అడిగితే ఏమీ చెప్పలేదు.

డిగ్రీ ఫైనలియర్ అక్క ఒకామె చాలా కోపంగా వచ్చింది. "అమ్మాయిలంతా ఆ అబ్బాయి తలలోంచే కనబడతారు. అతని ఆశ, అతని భయం, అతని సిగ్గు. మరి వాళ్ల తలలో ఏముంది? మేము క్యాంటీన్ ముందు నుంచి నడిచిపోతుంటే మీరందరూ ఇట్లనే చూస్తారా?" అంది. మగపిల్లలం ఎనిమిది మందిమి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఉట్నూరు వైపు నుంచి వచ్చిన అన్న ఇంకో మాటన్నాడు. "మనకు అల్లం రాజయ్య, సాహు రాసిన కొమురం భీం నవల ఉంది. భూమి ఉంది, అడివి ఉంది, పోడు లొల్లి ఉంది. ఇన్ని ఉండగా ఒక్క మనిషి దిగులు మీద ఇన్ని పేజీలు కూర్చోవాల్నా? ఇది మన కథ కాదు."

వీటన్నిటి మీదా వాదించుకున్నాం, తిట్టుకున్నాం, చాయ్ తాగి మళ్లీ కలిశాం. అది మంచి లొల్లే. కానీ ఒక మాట మాత్రం మమ్మల్ని నిద్రపోనీయలేదు. అది మాకంటే పెద్ద చదువు చదువుతున్న ఒక సీనియర్ అన్నది. మేము పుస్తకం గురించి కొట్టుకోవడం చూసి నవ్వి, "ఇది మీ స్థాయికి ఎక్కువ తమ్మీ. ముందు సులువైనవి చదవండి. పెద్దయినంక ఇవి చూద్దురు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. మా మంచి కోరే అన్నాడు. అందుకే అది ఇంకా గుచ్చుకుంది.

ఈ మాట మాకు కొత్త కాదు. టెన్త్ అయినంక ఎంపీసీ తీసుకుంటానంటే "అది మీకు కష్టం, సీఈసీ తీసుకో" అన్నవాళ్లున్నారు. ఇంగ్లీష్ మీడియం అంటే "తెలుగే రాదు, ఇంగ్లీషెందుకు" అన్నవాళ్లున్నారు. వాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కాదు. మనం పడిపోతామని భయపడ్డవాళ్లు. కానీ పడిపోతావని ఎక్కనీయకపోతే, చెట్టు ఎక్కడం ఎప్పుడు నేర్చుకుంటం?

అయితే సీనియర్ మీద కోపంతో మాత్రమే ఈ పోస్టు రాస్తలేం. కోపం తగ్గినంక మేము ఒక పని చేశాం. 'అర్థం కాలే' అన్న ప్రతివాడినీ 'ఏం అర్థం కాలే' అని అడిగాం. నోట్‌బుక్ పెట్టి రాసుకున్నాం. అప్పుడు తెలిసింది, ఒకే మాట వెనక నాలుగు వేరు వేరు సంగతులున్నాయని.

మొదటిది, భాష. మాలో కొందరికి ఇంట్లో కోయ, కొందరికి గోండి, కొందరికి గోర్ బోలి. తెలుగు ఆశ్రమ పాఠశాలలో, పలక మీద, కొంచెం బెత్తం భయంతో నేర్చుకున్నది. పుస్తకాల తెలుగులో ఒక్కో మాట దగ్గర ఆగిపోతాం. అది పుస్తకం తప్పు కాదు, మా తప్పు కూడా కాదు. పక్కన అడిగితే తీరిపోయే కష్టం అది.

రెండోది, అలవాటు. మేము చిన్నప్పటి నుంచి పాఠం కంటే గైడు ఎక్కువ చదివాం. పాఠం చివర సారాంశం ఉంటది, నీతి ఉంటది, ఐదు మార్కుల ప్రశ్న ఉంటది. ఈ నవల చదువుతూ మాలో సగం మంది లోపల నీతి కోసం వెతికారు. దొరకలేదు. దొరకకపోతే "ఏమీ లేదు ఇందులో" అన్నారు. ఇది చదువు మాకు అంటించిన జబ్బు.

మూడోది, నిజంగా పుస్తకంలో ఉన్న కష్టం. రవి నోటితో అన్నది ఏది, మనసులో అనుకున్నది ఏది, ఇప్పటిది ఏది, ఎప్పటిదో ఏది అని ఎవరూ వేలు పట్టి చూపించరు. రచయిత కావాలనే అట్లా రాశాడు. తలలో ఆలోచనలు వరుసలో నిలబడి రావు కదా.

నాలుగోదాన్ని ఒప్పుకోవడానికి మాకు చాలా టైం పట్టింది. కొందరికి అర్థం కాక కాదు, బాగా అర్థమయ్యే మూసేశారు. అర్థమైందని చెప్తే, ఎట్లా అర్థమైందో కూడా చెప్పాలి. దాని సంగతి కింద రాస్తాం.

ముందు మూడోదాని గురించి. ఒక ఆదివారం మాలో ఒకరికి ఒక ఉపాయం తోచింది. ఇద్దరు చదవాలి. రవి బయట చేసేది, మాట్లాడేది ఒకరు. తలలో తిరిగేది ఇంకొకరు. మొదట నవ్వులాటగా ఉండింది. ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడిపోయేవాళ్లు. పది నిమిషాలైనంక అందరూ గప్‌చుప్. మూడుసార్లు చదివినా ఎక్కలేదన్నవాడే "ఆగు ఆగు, ఆ ముక్క మళ్లీ చదువు" అన్నాడు. చూపుతో పట్టుకోలేనిది చెవితో పట్టుకున్నాం.

ఇందులో వింత ఏముంది? మనం చెవితో పెరిగినవాళ్లం. మేడారం వైపు కోయల ఇండ్లల్లో డోలీ వాళ్లు పడిగె పరిచి, డోలు కొట్టి గట్టుల కథ, వేల్పుల కథ చెప్తరు. గోండు గూడేల్లో ప్రధాన్లు కిక్రి వాయిస్తూ కథ చెప్తుంటే రాత్రి తెల్లారిపోతది. ఆ మాటలు పాతవి. చిన్నప్పుడు మాకు సగం అర్థమయ్యేవి కావు. కథ ముందుకు పోయి, వెనక్కి వచ్చి, ఎక్కడో తిరిగి మళ్లీ దారిలో పడేది. అయినా తాత ఒడిలో తల పెట్టుకుని విన్నాం. మధ్యలో నిద్రపోయాం, లేచి మళ్లీ విన్నాం. "ఇది నీ స్థాయికి ఎక్కువ, లేచిపో" అని ఆ గుంపులో ఏ ఒక్కరూ అనలేదు. అర్థం కాకపోవడం సిగ్గుపడాల్సిన విషయమని మాకు నేర్పింది బడి.

ఇంకో సంగతి. ఆలోచనలు దూకడం కష్టంగా ఉందన్నాం కదా. మా తలలు ఎట్లా పని చేస్తాయో ఒకసారి చూసుకున్నాం. పరీక్షలో ప్రశ్న ఇంగ్లీషులో ఉంటది. దాన్ని తెలుగులో తిప్పుకుంటం. లెక్క వేసేటప్పుడు వేళ్ల మీద ఇంటి భాషలో లెక్కపెడతం. టైం అయిపోతుంటే లోపల అమ్మ కోయలో తిడుతుంటది. ఇవన్నీ ఒక్క నిమిషంలో. అట్లాంటి తల మోసుకుని తిరిగేవాళ్లకు చైతన్య స్రవంతి పరాయిది అనడం ఎట్లా కుదురుతది? మాకు రోజూ నడిచేదే అది. దాన్ని కాగితం మీద చూడటం ఒక్కటే కొత్త.

ఈ పద్ధతి మీద గొడవ మా మేడ మీదే మొదలు కాలేదు. 1922లో ఐర్లాండు రచయిత జేమ్స్ జాయిస్ 'యులిసిస్' తెచ్చినప్పుడు, అదీ ఒక్క రోజు కథే, డబ్లిన్ నగరంలో 1904 జూన్ 16. అమెరికాలో దాని మీద నిషేధం తొలగిపోవాలంటే 1933లో కోర్టు తీర్పు రావలసి వచ్చింది. వర్జీనియా వూల్ఫ్ అంతటి రచయిత్రే తన డైరీలో ఆ పుస్తకాన్ని ఈసడించుకుంది. మళ్లీ మూడేళ్లకు, 1925లో, ఆమే ఒక్క రోజు మీద 'మిసెస్ డాలోవే' నవల తెచ్చింది. పెద్ద చదువులు చదివినవాళ్లే కిందామీదా పడ్డారు, తిట్టారు, మళ్లీ దాని దగ్గరికే వచ్చారు. వాళ్లకు కొరుకుడు పడకపోతే పుస్తకం కష్టమన్నారు. మనకు కొరుకుడు పడకపోతే మన స్థాయి తక్కువంటున్నారు. మా అభ్యంతరం ఇక్కడే.

ఇక ఆ నాలుగో సంగతి.

రెండు రాత్రుల్లో పూర్తి చేసిన ఫస్టియర్ తమ్ముడు మూడో ఆదివారం నోరు విప్పాడు. మేము అడగలేదు. రవి చేతిలో పైసలు లేక పడే అవస్థ గురించి ఎవరో చదువుతుంటే, "నేను నాలుగుసార్లు ఇంటికి ఫోన్ చేసిన. నాలుగుసార్లూ బాగున్నవా అని అడిగి పెట్టేసిన" అన్నాడు. పరీక్ష ఫీజు కట్టాలి. స్కాలర్‌షిప్ పడలేదు. నాన్నను అడిగితే మేకను అమ్ముతాడు. ఆ మేకనెవరు కాస్తారో, అది ఎవరి పేరున పెంచుతున్నారో ఇతనికి తెలుసు. అడగలేక, చదువు మానేసి పోదామని పెట్టె సర్దుకుని వారం అయింది. ఆ పెట్టె మంచం కిందే ఉంది. అదే గదిలో ముగ్గురం పడుకుంటున్నాం. మాకెవరికీ తెలియదు.

అతను చెప్పినంక కొంచెంసేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత ఇంకొకరు, "నేను కూడా ఫోన్ చేసి పెట్టేసిన" అన్నారు. తర్వాత ఇంకో ఇద్దరు. సగంలో ఆపేసిన ముగ్గురిలో ఒకడు, "నేను ఆ పేజీల దగ్గరే మూసేసిన. అర్థం కాలేదని మీకు అబద్ధం చెప్పిన" అన్నాడు.

ఒకే గిన్నెలో చారు పోసుకుని తింటున్నాం, ఒకరి చొక్కా ఒకరం వేసుకుంటున్నాం. కానీ ఈ ఒక్క విషయం మాత్రం ఎవరి తలలో వాళ్లం దాచుకుని ఒంటరిగా మోస్తున్నాం. రవికి ఉన్న కష్టం కూడా అదే. అతని చుట్టూ మనుషులున్నారు, తలలో ఉన్నది మాత్రం చెప్పలేడు. 1969లో అచ్చయిన పుస్తకం మా మంచం కింద పెట్టెను చూపించింది.

కథ ఇక్కడ సినిమాలా తిరగలేదు. అందరం తలా కొంత వేసి ఫీజు కట్టాం. స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు. తమ్ముడు ఇప్పటికైతే ఉన్నాడు. వచ్చే సెమిస్టర్ సంగతి మాకూ తెలియదు. కానీ పెట్టె ఖాళీ చేసి బట్టలు మళ్లీ దండెం మీద వేసుకున్నాడు.

దీన్నిబట్టి పుస్తకం గొప్పదని తేల్చేసి అందరి నోరూ మూయించాలని మాకు లేదు. ఉట్నూరు అన్న మాటలో న్యాయం ఉంది. రవి పేదవాడే కానీ గూడెం పిల్లవాడు కాదు. క్లాసులో పేరు పిలవంగనే "ఏ కోటా" అన్నట్టు తలలు తిరగడం, ఊరి పేరు చెప్తే "అడివిలోనా" అని నవ్వడం, సొంత భాష గట్టిగా మాట్లాడటానికి సిగ్గుపడటం, ఇవి ఈ నవలలో వెతికితే దొరికేవి కావు. పేదరికం ఒకటే కాబట్టి ఇది మన కథే అనేస్తే, మన కథ ఇంకా ఎవరూ రాయలేదన్న సంగతి మరిచిపోతాం. అన్నకు మేము చెప్పేది ఒక్కటే. మన కథ కాని దాంట్లో కూడా మనకు పనికొచ్చేది ఉంటది. కొమురం భీం నవల మన వెనక ఎవరున్నారో చెప్తది. ఇది మన లోపల ఏముందో అడుగుతది. రెండూ కావాలి.

అక్క మాట ఇంకా బరువైనది. ఒక్కడి తలలోనే కూర్చోబెట్టే పద్ధతిలో లాభం ఎంత ఉందో నష్టమూ అంతే ఉంది. ఎదుటి మనిషి తల మూసి ఉంటది. రచయిత రవి చూపును దాచకుండా చూపించాడు, అది నిజాయితీ అని మాలో కొందరు అన్నారు. "నిజాయితీగా చూసినా, చూడబడేది మేమే కదా" అంది అక్క. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి గ్రౌండ్ దగ్గర కొంచెం తల దించుకుని నడుస్తున్నాం అన్నది మాత్రం నిజం.

ముప్పై పేజీల దగ్గర ఆపేసిన నలుగురిదీ తప్పు కాదు. గ్రూప్స్ కోచింగ్, ల్యాబ్ రికార్డులు, సెలవుల్లో పత్తి ఏరడానికి పోవడం, వీటి మధ్య ఏ పుస్తకం వదలాలో వాళ్ల ఇష్టం. పూర్తి చేసిన మాలో ఇద్దరం వారం పాటు కాలరెగరేసి తిరిగాం, ఆ సంగతి కూడా ఒప్పుకుంటున్నాం. "నువ్వింకా ఇరవయ్యో పేజీలోనే ఉన్నవా" అని ఎక్కిరించాం. సీనియర్ మాతో అన్నమాటకూ, మేము వాళ్లతో అన్నమాటకూ పెద్ద తేడా లేదు. పుస్తకం వదిలేయడం మన హక్కు. అది నీకు కాదని ఇంకొకరు తీర్పు చెప్పడం వేరే సంగతి. ఈ రెండూ కలిపేయొద్దు.

అందుకే మా హాస్టల్లో కొన్ని మాటలు అనుకున్నాం. మీకు పనికొస్తే మీరూ చేయండి. కష్టమైన పుస్తకం తీసుకుంటే మొదటి కొన్ని పేజీలు అందరం కలిసి గట్టిగా చదవాలి. అర్థం కాలే అంటే ఏం కాలేదో చెప్పాలి, మాట కాలేదా, దారి కాలేదా, లేక చెప్పుకోలేకనా. చెప్పుకోలేనిది అయితే బలవంతం చేయొద్దు. "పూర్తి చేసినవా" అని అడగొద్దు, "ఎక్కడ ఆగినవ్" అని అడగాలి. ఆగిన చోటే చాలాసార్లు అసలు ముచ్చట ఉంటది.

వచ్చే ఆదివారం నుంచి కొమురం భీం నవల. ఉట్నూరు అన్నే చదివి వినిపిస్తాడు. సీనియర్ను కూడా పిలిచాం, వస్తానన్నాడు. దాని తర్వాత ఒక్కొక్కరం మన ఒక్క రోజు రాయాలని అనుకున్నాం. పొద్దున బకెట్ పట్టుకుని నల్లా దగ్గర లైన్లో నిలబడ్డప్పటి నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా తలలో ఏం తిరిగిందో, ఏ భాషలో తిరిగిందో ఆ భాషలోనే, కలిపి కలిపి. అక్క ముందే చెప్పింది, తను రాసే రోజులో మగపిల్లలు కనిపిస్తరు గానీ వాళ్లకు మాటలుండవట. చూద్దాం, మాకెట్లా అర్థమైతదో.

ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం, పాడేరు, ఎక్కడి హాస్టల్లో ఉన్నా సరే, మీకు కొరుకుడు పడని పుస్తకం ఏదో, ఎక్కడ ఆగారో రాయండి.

జోహార్.